సముద్రపు ఎర్ర నాచు: పరిశోధనలు, ప్రయోజనాలు

రోడోఫైటా అనే శైవల విభాగానికి చెందిన ఏడు వేలకు పైగా జాతులను కలిపి ఎర్ర నాచు అంటారు. వీటిలో అత్యధిక భాగం సముద్రంలోనే ఉంటాయి. కొన్ని మాత్రం మంచినీటి వాగుల్లోనూ వేడినీటి బుగ్గల్లోనూ పెరుగుతాయి. తెలుగు ఇళ్లలో ఎర్ర నాచును దాని పేరుతో గుర్తుపట్టేవారు తక్కువే కానీ, దాన్ని రుచి చూడనివారు దాదాపు ఉండరు. ఫలూదాలోనూ పుడ్డింగులోనూ వేసే చైనా గ్రాస్ ఎర్ర నాచు నుంచి తీసిన అగర్. ఐస్‌క్రీమ్‌లో మంచు పలుకులు కట్టకుండా, చాక్లెట్ పాలలో పొడి అడుగుకు దిగకుండా చూసే క్యారజీనన్ కూడా దీనిదే. ఆసుపత్రి ల్యాబ్‌లో రోగి మూత్రాన్నో కఫాన్నో పూసి సూక్ష్మజీవులను పెంచే పళ్లెంలో ఉండేదీ, డీఎన్ఏ ముక్కలను పొడవు ప్రకారం విడదీసే జెల్లీ పలకలో ఉండేదీ ఈ నాచు జిగురే.

ఇన్ని ఉపయోగాలు ఒకే విభాగం నుంచి ఎలా వచ్చాయన్న ప్రశ్నకు జవాబు ఆ నాచు జీవనంలోనే ఉంది. అలల తాకిడికి చిరిగిపోకుండా సాగే జిగురు గోడ, లోతు నీటిలోని మసక వెలుతురును పట్టుకునే రంగు, మేయడానికి వచ్చే జీవులను తరిమే రసాయనాలు అనే మూడింటిని అది తన బతుకు కోసం సమకూర్చుకుంది. శాస్త్రం వాడుకుంటున్నది ప్రధానంగా ఆ మూడింటినే. ఉపయోగం కోసం వెతికిన పరిశోధనల కన్నా, నాచు ఎలా బతుకుతుందో తెలుసుకోవడానికి చేసిన పరిశోధనలే ఎక్కువ ఫలితమిచ్చాయని ఈ రంగం చరిత్ర చూస్తే స్పష్టమవుతుంది.

జీవి, దాని ప్రాచీనత

ఎర్ర నాచులో పత్రహరితంతో పాటు ఫైకోఎరిత్రిన్ అనే ఎర్రని వర్ణక ప్రోటీన్ ఉంటుంది. సముద్రపు నీరు ఎర్ర కాంతిని పై పొరల్లోనే పీల్చేస్తుంది. లోతుకు చేరేది ఎక్కువగా నీలి, ఆకుపచ్చ కాంతులే. ఫైకోఎరిత్రిన్ ఆ కాంతిని పట్టి, ఆ శక్తిని పత్రహరితానికి అందిస్తుంది. 1984లో బహామా దీవుల దగ్గర సముద్రంలో 268 మీటర్ల లోతున, సున్నపు పొరలా రాతిని కప్పిన ఒక ఎర్ర నాచును మార్క్, డయేన్ లిట్లర్ దంపతులు కనుగొన్నారు. ఉపరితలంపై పడే కాంతిలో అక్కడికి చేరేది సుమారు 0.0005 శాతం మాత్రమే. అయితే రంగును బట్టే లోతు నిర్ణయమవుతుందన్న పాత సిద్ధాంతం పూర్తిగా నిలబడలేదు. ఆకుపచ్చ నాచులు కూడా చాలా లోతుల్లో దొరికాయి. ఎండ తగిలే రాళ్ల మీద పెరిగే ఎర్ర నాచులు గోధుమ, పసుపు, ఆకుపచ్చ ఛాయల్లోనూ కనిపిస్తాయి కాబట్టి కంటితో చూసి విభాగం తేల్చడం ప్రమాదకరం.

ఈ విభాగానికి ఉన్న మరో విశేషం, జీవితంలో ఏ దశలోనూ ఈదే తోక గల కణం లేకపోవడం. పురుష బీజకణాలు కూడా నీటి కదలికతోనే గమ్యం చేరాలి. ఆ నష్టాన్ని పూడ్చుకోవడానికన్నట్టు, ఒక్కసారి ఫలదీకరణ జరిగితే దాని నుంచి వేల సిద్ధబీజాలు పుట్టేలా చాలా జాతుల్లో మూడు దశల జీవితచక్రం ఏర్పడింది.

ఎర్ర నాచు ఎంత పాతదన్న విషయంలో భారతదేశానికి ప్రత్యేక స్థానం ఉంది. కెనడా ఆర్కిటిక్ ప్రాంతంలో దొరికిన బాంజియోమోర్ఫా అనే శిలాజం వయస్సు సుమారు 105 కోట్ల సంవత్సరాలు. చాలాకాలం దాన్నే అత్యంత ప్రాచీన ఎర్ర నాచుగా చెప్పుకున్నారు. 2017లో స్వీడన్‌కు చెందిన స్టెఫాన్ బెంగ్ట్‌సన్ బృందం, వింధ్య శిలల్లో చిత్రకూట్ వద్ద లభించిన రఫతాజ్మియా, రమథాలస్ అనే శిలాజాలను వర్ణించింది. వాటి వయస్సు 160 కోట్ల సంవత్సరాలు. అవి నిజంగా ఎర్ర నాచులేనా అన్న చర్చ సాగుతోంది. ఔనని తేలితే ఎర్ర నాచు చరిత్ర యాభై కోట్ల ఏళ్లు వెనక్కు జరిగినట్టే.

నోరి, మాంచెస్టర్ పరిశోధన

జపాన్‌లో అన్నం ఉండలకు చుట్టే నోరి, పోర్ఫైరా కుటుంబానికి చెందిన పల్చని ఎర్ర నాచు. జపాన్ మత్స్యకారులు శతాబ్దాల పాటు తీరంలో కర్రలు, వలలు పాతి, విత్తనం దానంతట అదే వచ్చి అంటుకుంటుందని ఎదురుచూసేవారు. వేసవిలో నోరి ఎక్కడికి పోతుందో, శీతాకాలంలో ఎక్కడి నుంచి వస్తుందో ఎవరికీ తెలియదు. ఒక ఏడు పండేది, ఒక ఏడు అసలు పండేది కాదు.

ఆ చిక్కు విప్పినవారు బ్రిటిష్ వృక్షశాస్త్రజ్ఞురాలు క్యాథ్లీన్ డ్రూ-బేకర్. వివాహిత స్త్రీలను ఉద్యోగంలో ఉంచని నిబంధన వల్ల పెళ్లి తరువాత ఆమె మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో అధ్యాపక పదవిని కోల్పోయి, పరిశోధకురాలిగా పని కొనసాగించారు. పోర్ఫైరా సిద్ధబీజాలు ఆల్చిప్పల్లోకి తొలుచుకుపోయి, గులాబీ రంగు పోగుల్లా పెరగడం ఆమె గమనించారు. ఆ పోగులను అప్పటిదాకా కాంకోసెలిస్ అనే వేరే జాతిగా భావించేవారు. అది పోర్ఫైరాకే మరో దశ అని ఆమె 1949లో నేచర్ పత్రికలో ప్రకటించారు. ఈ సంగతి జపాన్ శాస్త్రజ్ఞులకు చేరింది. వారు ఆల్చిప్పల మీద కాంకోసెలిస్‌ను పెంచి, అది విడిచే సిద్ధబీజాలను వలలకు పట్టించే పద్ధతిని కొన్నేళ్లలోనే రూపొందించారు. నేటి నోరి సాగు అంతా ఆ పునాది మీద నిలిచిందే. డ్రూ-బేకర్ జపాన్‌ను ఎన్నడూ చూడలేదు. 1957లో మరణించారు. కుమమోతో రాష్ట్రంలోని ఉటో వద్ద నోరి రైతులు 1963లో ఆమె స్మారకాన్ని నిర్మించి, ఏటా ఏప్రిల్ 14న అక్కడ ఆమెను స్మరించుకుంటున్నారు. లాభం మాట తలవకుండా చేసిన పరిశోధన ఒక పరిశ్రమను నిలబెట్టిన ఉదాహరణల్లో ఇంతకు మించినది వెతికినా దొరకదు.

నోరి మీద ఇంకో గొప్ప ఫలితం 2010లో ఫ్రాన్స్‌లోని రోస్కోఫ్ నుంచి వచ్చింది. పోర్ఫైరా గోడలోని పోర్ఫైరన్ అనే గంధక చక్కెరను జీర్ణించే ఎంజైమును ఒక సముద్ర బ్యాక్టీరియాలో కనుగొన్న యాన్-హెండ్రిక్ హెహెమన్ బృందం, అదే జన్యువు జపాన్ వారి పేగుల్లో ఉండే బ్యాక్టీరియాలోనూ ఉందని గుర్తించింది. ఉత్తర అమెరికా వారి నమూనాల్లో అది కనబడలేదు. తరతరాలుగా పచ్చి నోరి తిన్న వారి పేగుల్లోకి, ఆ నాచు మీద బతికే సముద్ర జీవి జన్యువు చేరిందన్నమాట. ఆహారపు అలవాటు మనిషి లోపలి సూక్ష్మజీవులను ఎంతగా మార్చగలదో చెప్పడానికి ఈ పరిశోధనను నేటికీ ఉదహరిస్తారు.

అగర్

అగర్‌ను జెలీడియం, గ్రాసిలేరియా, టెరోక్లేడియా వంటి జాతుల నుంచి తీస్తారు. నాచును నీటిలో ఉడికించి, వడకట్టి, చల్లారిస్తే అది గడ్డకడుతుంది. జపాన్‌లో పదిహేడో శతాబ్దం నుంచి ఆ గడ్డను శీతాకాలపు రాత్రుల్లో గడ్డకట్టించి, పగటి ఎండకు కరగనిచ్చి, నీరు పోగొట్టి ఎండబెట్టేవారు. అగర్ సుమారు 85 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, కానీ మళ్లీ గడ్డకట్టేది 32 నుంచి 40 డిగ్రీల మధ్య. కరిగే వేడికీ గట్టిపడే వేడికీ మధ్య ఉన్న ఈ పెద్ద తేడాయే దాని చరిత్రను మలుపు తిప్పింది.

1881లో బెర్లిన్‌లో రాబర్ట్ కోఖ్ ప్రయోగశాలలో పనిచేస్తున్న వాల్టర్ హెస్సె, సూక్ష్మజీవులను జెలటిన్ మీద పెంచలేక సతమతమయ్యారు. వేసవిలో జెలటిన్ కరిగిపోయేది. కరగకపోయినా కొన్ని బ్యాక్టీరియాలు దాన్ని తినేసేవి. ఆయన భార్య, ప్రయోగశాలలో సహాయకురాలిగా పనిచేసిన ఫానీ హెస్సె, తాను ఇంట్లో జెల్లీలు చేయడానికి వాడే అగర్‌ను సూచించారు. జావాలో ఉండి వచ్చిన ఒక డచ్ కుటుంబం నుంచి ఆమెకు ఆ వంట తెలిసింది. 37 డిగ్రీల దగ్గర గట్టిగా ఉండి, దాదాపు ఏ రోగకారక క్రిమీ అరిగించుకోలేని ఆ పదార్థం మీద వేరువేరు క్రిములు వేరువేరు చుక్కలుగా పెరిగాయి. 1882 నాటి కోఖ్ క్షయ పరిశోధన పత్రంలో అగర్ ప్రస్తావన ఉంది. ఫానీ హెస్సె పేరు మాత్రం లేదు. సూక్ష్మజీవశాస్త్రం ఇప్పటికీ ఆమె వంటింటి ఎరుక మీదే నడుస్తోంది.

అగర్‌లో రెండు భాగాలున్నాయి. గంధకం దాదాపు లేని అగరోజ్ గట్టి గడ్డ కడుతుంది, అగరోపెక్టిన్ కట్టదు. అగరోజ్ పోగులు చల్లారేటప్పుడు జంటలుగా మెలితిరిగి, ఆ మెలికలు కట్టలుగా చేరి, మధ్య సన్నని రంధ్రాలున్న వలలా మారతాయి. విద్యుత్ ప్రవాహం పెడితే చిన్న డీఎన్ఏ ముక్కలు ఆ వల గుండా వేగంగా, పెద్దవి మెల్లగా సాగుతాయి. హైదరాబాద్ నుంచి హార్వర్డ్ దాకా జన్యుశాస్త్ర ప్రయోగశాలల్లో రోజూ జరిగే పని ఇది. కణజాల వర్ధనంలో అరటి, టేకు మొక్కలను సీసాల్లో పెంచే ప్రయోగశాలలకూ అగరే ఆధారం.

రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ నుంచి అగర్ రావడం ఆగిపోయింది. టీకాలకూ, వ్యాధి నిర్ధారణకూ అది లేనిదే గడవదు కాబట్టి మిత్ర దేశాలు తమ తీరాలను గాలించాయి. న్యూజీలాండ్‌లో వృక్షశాస్త్రజ్ఞురాలు లూసీ మూర్ చేసిన సర్వే, టెరోక్లేడియా సేకరణ మీద అక్కడ ఒక పరిశ్రమకే దారితీసింది. గ్రాసిలేరియా అగర్ మెత్తగా ఉండేది. నాచును ముందుగా క్షారంలో వేడిచేస్తే గంధక భాగం తొలగి గడ్డ గట్టిపడుతుందని తెలిసిన తరువాత, సాగుచేయగల ఆ జాతి ఆహార పరిశ్రమలో ముందుకొచ్చింది. ప్రయోగశాల అగర్ మాత్రం ఇప్పటికీ ఎక్కువగా సముద్రం నుంచి సేకరించే జెలీడియం మీదే ఆధారపడి ఉంది. 2015లో మొరాకో ఆ సేకరణపైనా ఎగుమతులపైనా పరిమితులు పెట్టగానే ప్రపంచమంతటా ప్రయోగశాలలకు కొరత తగిలింది. జెలీడియం మెల్లగా పెరుగుతుంది, లాభసాటిగా సాగు చేయడం కుదరలేదు. జీవశాస్త్రమంతా వాడే ఒక పదార్థం కొన్ని రాతి తీరాల దయ మీద ఉండడం తేలిగ్గా తీసుకోదగ్గ విషయం కాదు.

క్యారజీనన్, దాని వివాదం

ఐర్లండ్ తీరప్రజలు కాండ్రస్ క్రిస్పస్ అనే నాచును పాలలో ఉడికించి జున్నులా చేసుకు తినేవారు. అందులోని జిగురే క్యారజీనన్. చక్కెర గొలుసుకు గంధక సమూహాలు ఎన్ని, ఎక్కడ అతుక్కున్నాయన్నదాన్ని బట్టి ఇందులో మూడు ముఖ్య రకాలు. కప్పా రకం పొటాషియంతో గట్టి, పెళుసు గడ్డ కడుతుంది. అయోటా కాల్షియంతో సాగే మెత్తని గడ్డ కడుతుంది. లాంబ్డా చిక్కబడుతుంది తప్ప గడ్డకట్టదు. పాలలోని కేసిన్‌తో క్యారజీనన్ కలిసిపోతుంది. అందుకే వెయ్యి గ్రాముల చాక్లెట్ పాలలో అర గ్రాము కూడా వేయకుండానే కోకో పొడి తేలి ఉంటుంది.

అడవి నాచు చాలక 1960లలో హవాయి విశ్వవిద్యాలయానికి చెందిన మాక్స్‌వెల్ డోటీ ఫిలిప్పీన్స్‌లో సాగు ప్రయోగాలు మొదలుపెట్టారు. కప్పాఫైకస్ అల్వరేజీ కొమ్మ ముక్కలను తాళ్లకు కట్టి లోతు తక్కువ నీటిలో వదిలితే ఆరేడు వారాల్లో అనేక రెట్లు పెరిగేది. జాతి పేరులోని అల్వరేజీ, అక్కడి సాగుకు తోడ్పడిన విసెంటె అల్వరెజ్ పేరు మీద పెట్టినది. అక్కడి నుంచి ఆ సాగు ఇండోనేషియాకూ, 1989 ప్రాంతంలో జాంజిబార్‌కూ, తరువాత భారత్‌కూ పాకింది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ లెక్కల్లో 2019లో ప్రపంచంలో ఎర్ర నాచు సాగు సుమారు 1.83 కోట్ల టన్నులు, గోధుమ నాచు 1.64 కోట్ల టన్నులు.

క్యారజీనన్‌కు ఫార్మకాలజీ విద్యార్థులకు బాగా తెలిసిన మరో ముఖం ఉంది. 1962లో వింటర్, రిస్లీ, నస్ అనే శాస్త్రజ్ఞులు దాన్ని ఎలుక అరికాలిలోకి ఎక్కిస్తే వాపు వస్తుందనీ, ఆ వాపు ఎంత తగ్గిందో కొలిచి వాపు తగ్గించే మందులను పరీక్షించవచ్చనీ చూపారు. నేటికీ ఆ పరీక్ష కొనసాగుతోంది. చర్మం కింద వాపు పుట్టించే పదార్థాన్ని కడుపులోకి పంపవచ్చా అన్న ప్రశ్న సహజంగానే వచ్చింది. పెద్ద అణువులున్న ఆహార క్యారజీనన్ వేరు, ఆమ్లంలో వేడిచేసి ముక్కలు చేసిన పోలిజీనన్ వేరు. జంతువుల పేగుల్లో పుండ్లు కలిగించినది రెండోది. అయినా మొదటిది మానవ పేగు కణాల్లో మంట సంకేతాలు రేపుతోందని జోయాన్ టొబాక్‌మన్ ప్రయోగాలు సూచించాయి. యూరోపియన్ ఆహార భద్రతా సంస్థ 2018లో పునఃపరిశీలించి, శరీర బరువు కిలోకు రోజుకు 75 మిల్లీగ్రాముల తాత్కాలిక పరిమితిని ఉంచి, మరిన్ని ఆధారాలు కావాలంది. సాధారణ ఆరోగ్యవంతులకు ఆహారంలోని మోతాదు హానికరమని తేల్చే గట్టి ఆధారం లేదు. పేగుపూత ఉన్నవారి విషయంలో మాత్రం చర్చ ముగిసిందనడం తొందరపాటే.

భారత తీరంలో

2001 నాటి జాబితా ప్రకారం భారత తీరాల్లో 844 సముద్రపు నాచు జాతులుంటే, అందులో 434 ఎర్రవి. తెలుగు తీరంలో ఈ అధ్యయనానికి కేంద్రం విశాఖపట్నం. ఇసుక తీరమే ఎక్కువగా ఉన్న ఆంధ్ర తీరంలో రాతి ఆధారం దొరికేది ప్రధానంగా అక్కడే. ఎం. ఉమామహేశ్వరరావు, టి. శ్రీరాములు 1964లో విశాఖ తీరంలో ఆటుపోట్ల మధ్య పెరిగే నాచుల జీవావరణంపైనా, 1970లో అక్కడి నాచు జాతులపైనా ప్రచురించిన పత్రాలు ఈ తీరానికి మూలగ్రంథాల వంటివి. ఉమామహేశ్వరరావు ఆ తరువాత ఎన్. కాలియపెరుమాళ్‌తో కలిసి, విశాఖ రాళ్ల మీది ఎర్ర నాచులు ఏ వెలుతురులో, ఏ ఉప్పదనంలో, నీరు తీసిపోయి ఎంతసేపు ఎండకు ఆరితే సిద్ధబీజాలను విడుస్తాయో పరిశీలించారు. ఇలాంటి వివరం లేకుండా ఏ జాతినైనా విత్తు నుంచి సాగు చేయడం సాధ్యం కాదు. అలాంటి పని చేసినవారి పేర్లు మన పాఠ్యపుస్తకాల్లో కనబడకపోవడం విచారకరం.

వాణిజ్యపరంగా కేంద్రం తమిళనాడులోని మన్నార్ సింధుశాఖ. రామేశ్వరం, మండపం చుట్టుపక్కల మత్స్యకార స్త్రీలు తరతరాలుగా నీటిలో మునిగి, చేతులతో జెలీడియెల్లా, గ్రాసిలేరియా ఏరి అగర్ కర్మాగారాలకు అమ్ముతున్నారు. 1986లో అక్కడి 21 దీవులను సముద్ర జాతీయ ఉద్యానంగా ప్రకటించాక వారి ఏరుడుకు ఆంక్షలు వచ్చాయి. భావనగర్‌లోని కేంద్రీయ లవణ, సముద్ర రసాయనాల పరిశోధన సంస్థ 1990లలో అక్కడ అలవాటు చేసిన కప్పాఫైకస్ సాగు వారికి మరో దారి చూపింది. మూడు మీటర్ల చదరపు వెదురు తెప్పలకు తాళ్లు కట్టి, వాటికి నాచు ముక్కలు కడతారు. 45 రోజులకు కోసి, కొంత భాగాన్ని మళ్లీ విత్తుగా వాడి, మిగిలింది ఎండబెడతారు.

ఆ సాగుకు రెండు ఎదురుదెబ్బలు తగిలాయి. కురుసడై దీవి దగ్గర కప్పాఫైకస్ పగడాలను కప్పి చంపుతోందని ఎస్. చంద్రశేఖరన్ బృందం 2008లో కరెంట్ సైన్స్‌లో రాసింది. సాగు సమర్థకులు దాని తీవ్రతను ప్రశ్నించారు. ఆ తరువాత 2013-14 ప్రాంతంలో సముద్రం వేడెక్కి తెప్పల మీది నాచు పెద్దఎత్తున చనిపోయింది. మొదటి దెబ్బ పరదేశపు జాతిని తేవడంలోని ప్రమాదాన్ని చూపితే, రెండోది ఒకే మూలం నుంచి ముక్కలు చేసుకుంటూ పోయిన పంట ఎంత బలహీనమో చూపింది. ఆంధ్ర తీరంలో ఈ తెప్పల సాగు వేళ్లూనుకోకపోవడానికి ప్రకృతి కారణాలున్నాయి. కప్పాఫైకస్‌కు అల తక్కువగా, నీరు తేటగా, ఉప్పదనం నిలకడగా ఉండాలి. గోదావరి, కృష్ణ వరదల సమయంలో మన తీరపు నీరు మంచినీటితో, ఒండ్రుతో నిండిపోతుంది. తుపానుల బెడద దీనికి అదనం. ఇక్కడ సాగు గురించి ప్రకటనలు చేసేవారు ముందు ఈ లెక్క చూసుకోవాలి.

తెలుగు రైతుకు ఎర్ర నాచు చేరుతున్న దారి మరొకటి. తాజా కప్పాఫైకస్‌ను పిండితే వచ్చే రసంలో పొటాషియం, సైటోకైనిన్, ఆక్సిన్ వంటి పెరుగుదల పదార్థాలుంటాయి. రసం తీశాక మిగిలిన పిప్పి క్యారజీనన్‌కు పనికొస్తుంది. భావనగర్ సంస్థ పేటెంటు పొందిన ఈ పద్ధతి ఆధారంగా తయారైన పిచికారీ మందును ఇఫ్కో, సాగరిక పేరుతో అమ్ముతోంది. 2021లో కేంద్రం ఎరువుల నియంత్రణ ఉత్తర్వులో జీవ ఉత్ప్రేరకాలను చేర్చడంతో ఇలాంటి సరుకులకు నాణ్యతా ప్రమాణాలు వచ్చాయి. ఇవి ఎరువుకు బదులు కావు. ఎరువుతో పాటు తగిన దశలో వాడితేనే ప్రయోగాల్లో దిగుబడి పెరిగింది.

వైద్యం

క్యారజీనన్ వంటి గంధక చక్కెరలు వైరస్‌లకు అతుక్కుని అవి కణంలోకి చొరబడకుండా అడ్డుకుంటాయి. పరీక్షనాళికలో ఇది పదేపదే రుజువైంది. దాన్ని నమ్ముకుని పాపులేషన్ కౌన్సిల్ అనే సంస్థ క్యారగార్డ్ అనే యోని జెల్‌ను దక్షిణాఫ్రికాలో 6,202 మంది స్త్రీలపై పరీక్షించింది. జెల్ సురక్షితమే, హెచ్ఐవీని మాత్రం ఆపలేకపోయింది. 2008లో లాన్సెట్‌లో వచ్చిన ఈ ఫలితాన్ని ఎర్ర నాచు ఔషధాల గురించి రాసే ప్రతి వ్యాసమూ ముందు చెప్పాలి. ఎందుకంటే పరీక్షనాళికలో గెలిచినదాన్ని మందుగా ప్రచారం చేసే ధోరణి ఈ రంగంలో చాలా ఎక్కువ. అదే క్యారజీనన్ గర్భాశయ ముఖ క్యాన్సర్‌కు కారణమైన పాపిలోమా వైరస్‌ను చాలా తక్కువ మోతాదులోనే అడ్డుకుంటుందని 2006లో అమెరికా పరిశోధకులు చూపారు. కోవిడ్ సమయంలో అర్జెంటీనాలో 394 మంది ఆసుపత్రి సిబ్బందిపై జరిపిన పరీక్షలో, అయోటా క్యారజీనన్ ముక్కు స్ప్రే వాడినవారిలో 1 శాతానికి, వాడనివారిలో 5 శాతానికి జబ్బు సోకింది. ఆశాజనకమే అయినా, మొత్తం పన్నెండు మంది రోగుల మీద ఆధారపడిన లెక్క అది.

గ్రిఫిత్సిన్ కథ ఇంకా బలమైనది. న్యూజీలాండ్ తీరంలో సేకరించిన గ్రిఫిత్సియా అనే నాచు నుంచి అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ పరిశోధకులు 2005లో వేరుచేసిన ఈ ప్రోటీన్‌లో 121 అమైనో ఆమ్లాలున్నాయి. వైరస్ పైపొర మీది మానోజ్ చక్కెరలను అది పట్టుకుంటుంది. హెచ్ఐవీతో పాటు సార్స్, మెర్స్ వైరస్‌ల మీదా ప్రయోగశాలలో పనిచేసింది. నాచు నుంచి తీస్తే చాలదు కాబట్టి పొగాకు జాతి మొక్కల్లో దీన్ని తయారు చేయించారు. క్యారజీనన్ జెల్‌లోనే గ్రిఫిత్సిన్ కలిపి చేసిన తొలి దశ మానవ పరీక్షలో అది సురక్షితమని తేలింది.

ఔషధంగా నిజంగా నిలిచినదీ ఒకటుంది. జపాన్‌లో పిల్లలకు నులిపురుగుల మందుగా ఇచ్చిన డైజీనియా నాచులోని కైనిక్ ఆమ్లాన్ని 1953లో వేరుచేశారు. మెదడు కణాల్లో గ్లూటమేట్‌ను అందుకునే ఒక తరహా గ్రాహకాలకు దాని పేరే పెట్టారు. ఎలుకల్లో మూర్ఛను సృష్టించి అధ్యయనం చేయడానికి న్యూరోసైన్స్‌లో నేటికీ ఇదే ముఖ్య సాధనం. ఇక ఫైకోఎరిత్రిన్ సంగతి: 1982లో స్టాన్‌ఫర్డ్, బర్క్లీ శాస్త్రజ్ఞులు వర్నన్ ఓయి, అలెగ్జాండర్ గ్లేజర్, లూబర్ట్ స్ట్రయర్ దాన్ని యాంటీబాడీలకు అతికించారు. లేజర్ కాంతి తగిలితే అది ప్రకాశవంతంగా నారింజ రంగులో మెరుస్తుంది. ఎయిడ్స్ రోగి రక్తంలో సీడీ4 కణాల లెక్కింపులో దానికి పెద్ద పాత్ర దక్కింది.

పశువులు, మీథేన్

గత పదేళ్లలో ఎర్ర నాచు పేరు వార్తల్లోకెక్కింది ఆస్పరాగాప్సిస్ అనే జాతి వల్ల. నెమరువేసే పశువుల కడుపులోని ఆర్కియా అనే సూక్ష్మజీవులు మీథేన్ తయారుచేస్తాయి. పశువు దాన్ని తేన్చి బయటకు వదులుతుంది. తిన్న మేతలోని శక్తిలో 2 నుంచి 12 శాతం అలా పోతుంది. ఆస్ట్రేలియాలో జేమ్స్ కుక్ విశ్వవిద్యాలయం, సీఎస్ఐఆర్ఓ శాస్త్రజ్ఞులు ఇరవై నాచు జాతులను పరీక్షించి 2014లో ప్రచురించిన పత్రంలో, మీథేన్ తగ్గించడంలో ఆస్పరాగాప్సిస్ అన్నిటినీ మించింది. చేపలు మేయకుండా ఆ నాచు ప్రత్యేక కణాల్లో దాచుకునే బ్రోమోఫాం, మీథేన్ తయారీలోని చివరి అంచెను అడ్డుకుంటుంది.

2019లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్‌లో ఎర్మియాస్ కెబ్రియాబ్ బృందం పన్నెండు పాడి ఆవుల మేతలో దీన్ని ఒక శాతం కలిపితే మీథేన్ 67 శాతం తగ్గింది. కానీ ఆవులు మేత బాగా తగ్గించాయి, పాలూ తగ్గాయి. 2021లో అదే బృందం 21 మాంసపు పశువులకు 147 రోజులు పెట్టగా, కొన్ని మేతల్లో తగ్గుదల 80 శాతం దాటింది. ఆస్ట్రేలియాలో వాగ్యు పశువులపై 300 రోజులు సాగిన పరీక్షలో అది 28 శాతమే. 2024లో మేత భూముల్లో తిరిగే పశువులకు గుళికల రూపంలో ఇచ్చినప్పుడు దాదాపు 40 శాతం తగ్గింది. రోజులు పెరిగి, పరిస్థితులు నిజమైన పొలానికి దగ్గరయ్యేకొద్దీ అంకె మొత్తం మీద తగ్గిందని ఈ వరుస చెబుతోంది. నెదర్లాండ్స్‌లోని వాహెనింగెన్ పరిశోధకులు 2021లో కొన్ని రోజుల పాలలో, మూత్రంలో బ్రోమోఫాం కనబడిందనీ, పశువుల పెద్దపొట్ట గోడలో మార్పులున్నాయనీ రాశారు. బ్రోమోఫాం మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశమున్న పదార్థంగా అమెరికా పర్యావరణ సంస్థ వర్గీకరించింది.

భారత్‌లో 2019 పశుగణన ప్రకారం 19 కోట్లకు పైగా ఆవులూ ఎద్దులూ, సుమారు 11 కోట్ల గేదెలూ ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం వరిగడ్డి, జొన్న చొప్ప తిని, గట్ల మీద మేసి బతుకుతాయి. రోజూ కొలిచి మేతలో కలపడం ఒకటి రెండు గేదెలున్న ఇంట్లో అయ్యే పని కాదు. సహకార డెయిరీలు అందించే దాణా ద్వారానే ఇది సాధ్యం కావాలి, అదీ పాలలో అవశేషాల సంగతి తేలాకే.

విత్తు, వంగడం, రాబోయే పరిశోధన

2013లో కాండ్రస్ క్రిస్పస్, 2017లో పోర్ఫైరా అంబిలికాలిస్ జన్యుపటాలు వెలువడ్డాయి. కాండ్రస్‌లో సుమారు 9,600 జన్యువులే ఉన్నాయి. ఎర్ర నాచు పూర్వీకులు ఒకప్పుడు చాలా జన్యువులు పోగొట్టుకున్నారన్న ఊహకు ఇది బలమిచ్చింది. ఈ సమాచారం సాగులోకి ఇంకా పెద్దగా రాలేదు. ప్రపంచంలోని కప్పాఫైకస్ పొలాల్లో అత్యధిక భాగం ఫిలిప్పీన్స్ నుంచి తెచ్చిన కొద్దిపాటి మొక్కల ముక్కలే. ఐస్-ఐస్ అనే తెగులు వస్తే కొమ్మలు తెల్లబారి విరిగిపోతాయి, పక్క తాడుకూ అదే గతి. ఫిలిప్పీన్స్, మలేషియా శాస్త్రజ్ఞులు సముద్రంలో సహజంగా మిగిలిన రకాలను గుర్తించి, వాటి సిద్ధబీజాల నుంచి వేడిని తట్టుకునే మొక్కలను పెంచే ప్రయత్నంలో ఉన్నారు. కప్పాఫైకస్‌లో ఆడ, మగ, సిద్ధబీజ మొక్కలు ఒకేలా కనబడతాయి, సాగులో అవి ఫలించడం అరుదు. అందుకే ఇది నోరి విషయంలో కన్నా చాలా కష్టం.

భారత్‌కు ఈ పని మరింత అవసరం. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద నాచు సాగుకు నిధులు కేటాయించారు, రామనాథపురం జిల్లాలో నాచు పార్కు తలపెట్టారు. కొత్త వంగడాలు కావాలంటే బయటి నుంచి తేవాల్సి వస్తుంది. తెస్తే కురుసడై అనుభవం పునరావృతం కాకుండా చూడాలి. కేంద్ర మత్స్యశాఖ 2024 అక్టోబరులో సజీవ సముద్రపు నాచు దిగుమతికి మార్గదర్శకాలు ప్రకటించింది. దిగుమతికి అనుమతి, వచ్చిన నాచును వేరుగా ఉంచి తెగుళ్లకూ ఇతర జీవుల కలుషితానికీ పరీక్షించడం, ఆ తరువాతే సముద్రంలోకి వదలడం వాటిలోని ముఖ్యాంశాలు.